సగంల ఆగిన పర్ద

నేను చదివింది ఆరో తరగతి దాంక. లెక్కల సారు ఒకనాడు కోపానికొచ్చి "బయటికి పోరా" అన్నడు. పెద్దోళ్ల మాట దాటే అలవాటు నాకు లేదు, అందుకే ఇయ్యాల్టి దాంక మళ్ల లోపలికి పోలే. అసొంటోడు రాసింది మీరు చదువుతున్నరంటె, మీకు వేరే పనన్న లేకపోవాలె, లేదంటె నా బిడ్డ మీ ఫోన్లకు బలవంతంగనన్న పంపియ్యాలె. ఏదైనా సరే, కూసోండ్రి.

ఈ మధ్య మా గోదావరిఖనిల బొగ్గు గనుల కంపెనీ పాత థియేటర్‌కు రిపేర్లు మొదలైనయి. దాంతోని అప్పట్ల ఆడ జరిగిన ఒక పాటల ప్రోగ్రాం గురించి మా పిలగాండ్లు ఫోన్ల ఒక గ్రూపు పెట్టిన్రు. పిలగాండ్లంటె పిలగాండ్లు కాదు, ఒక్కొక్కడు బట్టతల. అప్పుడు ఇరవై, ఇరవై అయిదేండ్లోళ్లు. మందమర్రి నుంచి, రామకృష్ణాపూర్ నుంచి బండ్ల మీద ముగ్గురు ముగ్గురు ఎక్కి వచ్చినోళ్లు. దినాం ఎవలో ఒకలు ఆ ప్రోగ్రాం యాది చేసుకుంటరు. ఒకడు రాసిండు: "స్టేజీ పర్ద పాటకు డ్యాన్స్ చేసింది, కంప్యూటర్‌తోని నడిపిచ్చిన్రు." ఇంకొకడు: "పాడేటాయన పండుకొని పాడిండు, తాగి ఉండె." దానికి ఒక నర్సమ్మ జవాబు: "తాగలే అన్నా, నేను ముందల వరుసలల్లనే ఉన్న, ఆయన మా కండ్లల్లకు చూసుకుంట పాడిండు." మంథని నుంచి ఒక సంగీతం పంతులు గారు, తాతల కాలం నుంచి ఆడనే ఉన్న ఇంటోళ్లు, పెద్దగ రాసిన్రు. పర్ద కిందికి దిగుడు అంటె గని పైకప్పు కూలుడట. కార్మికుని బతుకును అంత గొప్పగ చూపెట్టిన స్టేజీ ఆయన మళ్ల చూడలేదట.

అవన్నీ చదువుకుంట నేను ఇంట్ల ఒక్కన్నే నవ్వుకున్న. ఎందుకంటె ఆ పర్ద నడిపింది కంప్యూటర్ కాదు, నేను. ఆ ప్రోగ్రాంల ఒక్క నిమిషం కూడ చూడనోణ్ని కూడ నేనే. పెండ్లిల వంట చేసినోడు పెండ్లి చూడనట్టు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొత్తగ డ్యూటీలకు వస్తున్నోళ్లూ, ఇది మీకోసమే చెప్తున్న. పర్ద గురించి కాదు. పర్ద ఎనుక నేను చేసిన పని గురించి.

గనిల నేను హాలేజీ నడిపేటోణ్ని. ముప్పై నాలుగేండ్లు. గని లోపలికి వాలుగ దిగే బాట మీద బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతోని గుంజే ఇంజను అది. దాన్ని నడిపేటోనికి టబ్బులు కనవడయి. తాడు కనవడ్తది, గోడ కనవడ్తది, గంట వినవడ్తది. అంతే. మా గనిల లెక్క ఇది: కింద ఉన్నోడు గంట ఒక్కటి కొడితె ఆపాలె, రెండు కొడితె దించాలె, మూడు కొడితె గుంజాలె. ఎందుకని అడగొద్దు. నువ్వు ఎందుకని అడిగేలోపట ఆడ ఒకని కాలు టబ్బు కింద ఉండొచ్చు. కొన్నేండ్లు చేసినంక గంట చెవులకు రాదు, సీద చేతికే వస్తది. ఇంట్ల నా భార్య గిన్నె మీద గంటెతోని రెండుసార్లు కొడితె నా చెయ్యి ముద్దను కిందికి దించేది. అట్ల కొట్టి నా చేత తక్కువ తినిపిచ్చుడు ఆమెకు అలవాటైంది.

కింద టబ్బులకు తాడు తగిలిచ్చి నాకు గంట కొట్టేటోడు మా బావ. సొంత అక్క పెనిమిటి. మేమిద్దరం పద్దెనిమిదేండ్లు ఒక్క తాడుకు ఆ కొస ఈ కొస పని చేసినం. ఆయన గంటల తేడా నాకు ఎర్కే. నిద్ర సరిపోకపోతె ఒక తీరు, అక్కతోని కొట్లాట పెట్టుకొని వస్తె ఇంకో తీరు.

ఆ ప్రోగ్రాంకు ఆరు నెల్ల ముందుగాల టబ్బు తగిలి బావ మోకాలు చెడిపోయింది. కంపెనీ దవాఖానల పండుకున్నడు, లేచిండు, మళ్ల డ్యూటీకి వచ్చిండు. కాని మెట్లు దిగుడు, ఎక్కుడు ఆయనతోని కాలేదు. గనిల మెట్లంటె మీ ఇంటి మెట్లు అనుకోకుండ్రి. దిగేటప్పుడు పాతాళం, ఎక్కేటప్పుడు తిరుపతి. పైన చేసే పని ఇయ్యుండ్రని కాయితం పెట్టుకున్నడు.

అప్పుడే థియేటర్ చూసుకునే మనిషి రిటైరైండు. ఆ పని మెత్తటి పని. తాళాలు తీసుడు, ఊడ్పిచ్చుడు, పర్ద ఎత్తుడు, దించుడు. ఆ పర్ద కూడ మామూలుది కాదు. ఎర్ర మఖ్మల్ది. ఎండకాలంల మేకంత బరువు, వానకాలంల చెమ్మ పట్టి ఎనుబోతంత బరువు. మా నాయిన కాలంల నలుగురు మనుషులు తాడు గుంజుతుండె. తర్వాత మా వర్క్‌షాపోళ్లు ఒక పాత చిన్న హాలేజీని తెచ్చి, థియేటర్ ఎనుక రేకుల షెడ్డుల బిగిచ్చిన్రు. షెడ్డుల కూసున్నోనికి స్టేజీ కనవడది. స్టేజీ పక్కన నిలవడ్డోడు ఇనుప గంట మీద సుత్తెతోని కొడితె, గోడకు పెట్టిన బొక్కల నుంచి విని నడపాలె. అచ్చం గనిల లెక్కనే.

ఇంజనీర్ సారు బావను, నన్ను పిలిచి అన్నడు: "పట్నం నుంచి ఏదో రాక్ బ్యాండ్ వస్తున్నది. పెద్దసార్లంత ముందు వరుసల ఉంటరు. ఆయన గంట కొట్టాలె, నువ్వు పర్ద నడపాలె. ప్రోగ్రాం సాఫ్‌గ నడిస్తె థియేటర్ పనికి ఈయన పేరే రాసి పంపిస్త. నడవకపోతె నేనేం చెయ్యలేను."

ప్రోగ్రాం నాడు పొద్దున నేను బావ ఇంటికి పోయేసరికి అక్క వాకిట్ల నిలవడి ఉన్నది. "తమ్మీ, ఆయన మోకాలు పాత తలుపు లెక్క కిర్రుమంటది. ఆ సప్పుడు వినుకుంట నేను పండుకుంట. ఈ ఒక్క దినం నీ పరాష్కాలు, నవ్వులాటలు జేబుల పెట్టుకో."

"నా అంగీకి జేబే లేదక్కా" అన్న.

"అదే నా భయం" అన్నది.

*

పట్నం బ్యాండోళ్లు పన్నెండు గంటలకు దిగిన్రు. అయిదుగురు. పాడేటాయనకు జుట్టు నడుము దాంక. ముగ్గురు గిటార్లు వాయించేటోళ్లు. "ఒక్క గిటారు చాలదా?" అని అడిగిన. పాడేటాయన నవ్వి, "కాకా, మీ గనిల ఒక్కడే బొగ్గు తవ్వుతడా?" అన్నడు. అప్పటి నుంచి ఆయన మీద నాకు మనసైంది. వాళ్లు పాడేది అమెరికాల దక్షిణం దిక్కు పల్లెటూర్లల్ల పుట్టిన పాటల తీరట. పత్తి చేండ్లు, రైళ్లు, సారా, ఇంటికాడ తల్లి, చెప్పకుంట పోయిన పిల్ల, ఇవే సంగతులట. "గివి మా పెద్దపల్లి పాటలే గదా, గంత దూరం పోయి ఎందుకు తెచ్చుకున్నరు?" అన్న. దానికీ నవ్విండు.

అందరి ఎనుక కూసొని డ్రమ్ములు వాయించేటోడు మాత్రం నవ్వలే. సంచులన్నీ కిందా మీద చేస్తున్నడు. ఏంది తమ్మీ అంటె, ఆవు మెడల గంట అసొంటిది ఒకటి ఉంటదట, డ్రమ్ముల పక్కన తగిలిచ్చి పుల్లతోని కొడతరట, అది పట్నంలనే మర్చిపోయిండట. అది లేకపోతె ఒక పాట మొత్తానికే పోతదన్నడు. మొహం చూస్తె తల్లి తప్పిపోయిన పోరని లెక్క ఉన్నది.

బావ అప్పుడు అన్నం తిననీకి ఇంటికి పోయిండు. ఉంటె నన్ను ఆపేటోడే. నేను సైకిలెక్కి వర్క్‌షాపుకు పోయిన. ఆడ మూలకు పాత సిగ్నల్ గంటలు నాలుగైదు పడి ఉన్నయి. ఒకటి ఏరుకున్న, మంచిది, ఎర్ర రంగేసింది. చీటీ లేదు, గేటు పాసు లేదు. గేటు కాడ మనోడే ఉన్నడు, "ఏందన్నా అది?" అంటె "సంగీతం" అన్న. పోనిచ్చిండు. కంపెనీ సామాను దానం చేసుట్ల నేను కర్ణునికి చిన్నాయిన అయిత.

డ్రమ్ములాయన దాన్ని కట్టుకొని ఒక్కసారి కొట్టి చూసిండు. టంగ్‌మని ఆ సప్పుడు ఖాళీ థియేటరంత తిరిగొచ్చింది. పోరని మొహం వెలిగింది. "అన్నా, నా గంట దీని ముందల చెంచా" అన్నడు. ముందట ఒక మైకు కూడ పెట్టుకున్నడు. నేను ఛాతి పెద్దగ చేసుకొని షెడ్డుకు పోయిన.

ఇప్పుడు మీరు నన్ను తిడుతున్నరు. ముప్పై ఏండ్లు గంట మీద బతికినోనికి, రెండో గంట ఒకటి స్టేజీ మీద పెడితె ఏమైతదో తోచలేదా అని. తోచలే. గనిల పైకప్పు సప్పుడు వింటె పట్టుకునే చెవి నాది. అయినా తోచలే. మెచ్చుకోలు చెవుల పడ్డంక మనిషికి ఇంకోటి వినవడదు.

*

ఫస్టు షిఫ్టోళ్లు తానాలు చేసి వచ్చేటట్టు ప్రోగ్రాంను నాలుగింటికి పెట్టిన్రు. థియేటర్ నిండి కిటికీల మీద కూడ మనుషులు ఎక్కిన్రట. నాకు షెడ్డుల వినవడింది మాత్రం నా పక్కన తాడుకు పూసిన గ్రీజు మీద ఈగల సప్పుడు.

గంట మూడుసార్లు వినవడ్డది. బావ గంట. గట్టిగ, సక్కగ, మోకాలు నొప్పి లేనోడు కొట్టినట్టు. పర్ద ఎత్తిన. ఈలలు, కేకలు, గిటార్లు. గోడ వణుకుతున్నది. నేను బీడీ ముట్టిచ్చి, బావకు థియేటర్ పని వచ్చినట్టే అనుకున్న.

అయిదో పాటనో ఆరో పాటనో. ఉన్నట్టుండి గిటార్లన్నీ ఆగినయి. డ్రమ్ములు ఆగినయి. ఆ నిశ్శబ్దంల బొక్క నుంచి వచ్చింది. టంగ్. టంగ్.

రెండు.

నా బీడీ ఇంకా నోట్లనే ఉన్నది, చెయ్యి అప్పటికే లివర్ మీదికి పోయింది. పర్ద దిగుతున్నది. పాట నడుమ పర్ద దించుమంటె లోపల ఏమో అయిందనుకున్న. మంటలో, కరెంటో. జల్ది దించుతున్న. అంతట్ల ఒక్కటి. ఆపిన. మళ్ల మూడు. గుంజిన. రెండు. దించిన. థియేటర్ల జనం కేకలు పెడుతున్నరు. అవి భయంతోని పెట్టే కేకలనుకున్న. లోపల కాలిపోతున్నరు, బావ మనుషులను కాపాడనీకి ఇట్ల కొడుతున్నడు అనుకొని, చెమటలు కారంగ పర్దను పైకీ కిందికీ నడుపుతున్న.

తర్వాత తెలిసింది. డ్రమ్ములాయన మొదట పాట ప్రకారమే కొట్టిండు. రెండు కొడితె పర్ద దిగుడు, ఒకటి కొడితె ఆగుడు ఆయన చూసిండు. హుషారు మనిషి. మూడు కొట్టి చూసిండు. పైకి పోయింది. ఇంక వాడు డ్రమ్ములు వాయించుడు ఇడిచిపెట్టి నన్ను వాయించుడు మొదలుపెట్టిండు.

ఎనుక తలుపు దబ్బుమన్నది. బావ. ఒక కాలు మీద గంతులేసుకుంట వచ్చిండు. "ఆపురా! ఎవడు కొడుతున్నడో చూడవా?"

"నువ్వు గాదా?"

"నేను నీ ముందల ఉన్న గదరా!"

ఆ మాటకు నా బుర్ర నిలిచింది. ఎవరు కొడుతున్నరో అప్పుడు తెలిసింది. బ్రేకును ఇంత బలంగ గుంజిన అంటె తాడు హాలేజీ డ్రమ్ము మీద నుంచి జారి, ఇరుసుకు చుట్టుకొని బిగుసుకుంది. పర్ద ఎట్లున్నదాన్ని అట్లనే ఆగింది. స్టేజీ మీద నిలవడ్డ మనిషి తొడల దాంకనే కనవడ్తడు. ఆ పైన ఎవలకూ ఏం కనవడదు.

బావ మళ్ల కుంటుకుంట స్టేజీ దిక్కు పోయిండు. నేను తల ఇరుసుల పెట్టి తాడు ముడి ఇప్పుతున్న. మిగిలిన మూడు పాటలు నాకు వినవడ్డది గిదే: ముందుగాల నవ్వులు. తర్వాత వేయి మంది ఒక్కసారి కదిలిన సప్పుడు. తర్వాత పాడేటాయన గొంతు, కాని వేరే తీరుగ, నేల మీది నుంచి వస్తున్నట్టు. తర్వాత అందరి గొంతులు ఆయనతోని కలిసినయి. నేను విన్న దాంట్ల అంత మంచిది ఇంకోటి లేదు. నాకు కనవడ్డ దాంట్ల అంత నల్లటి గ్రీజు ఇంకోటి లేదు.

*

తెల్లారి ఇంజనీర్ సారు ఆఫీసుకు పిలిచిండు. మొహం ఎర్రగున్నది. పెద్దసార్లు సోఫాలు ఇడిచిపెట్టి కింద కూసోవలసి వచ్చిందట.

బావను అడిగిండు: "పాట నడుమ గంట ఎందుకు కొట్టినవ్?"

"నేను మొదలుకు కొట్టిన సార్. నడుమ కొట్టలే."

నా దిక్కు తిరిగిండు. "నీకు గంట వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది సార్" అన్న.

చూడుండ్రి, ఇది అబద్ధం కాదు. గంట వచ్చింది. హాలేజీ నడిపేటోనికి గంట వస్తె వాని తప్పు లేదు, కొట్టినోనిదే తప్పు. ఇది మా ఖాయిదా. కాని ఎవరి గంట అని సారు అడగలే, నేను చెప్పలే. గంట నేనే తెచ్చి పెట్టిన్నని చెప్తె చీటీ లేని సామాను బయటవడ్తది. రిటైర్‌మెంట్ దగ్గర పడ్డది, చార్జిషీట్ ఎందుకు అనుకున్న. బ్యాండోళ్లు గంటను ఎంబడి తీస్కపోయిన్రు. సాక్ష్యం పట్నం పోయింది. నేను గంట వచ్చిందన్న మాట మీదనే నిలవడ్డ. నిజం చెప్పుకుంటనే ఒక మనిషిని ముంచొచ్చని నాకు ఆ దినం తెలిసింది. ఆరో తరగతి చదువుకు అది ఎక్కువే.

బావ నా దిక్కు చూసిండు. "సరే సార్" అని బయటికి పోయిండు.

తెల్లారి నుంచి ఆయన మళ్ల గని లోపలికే. మొదటి దినం నేను చూడలే, రెండో దినం చూడొద్దనుకున్న. నాలుగో దినం మెట్ల మీద దొరికిండు. మూడడుగులకొకసారి ఆగి గోడ పట్టుకుంటున్నడు. నన్ను చూసి, "ఏం లేదు, ఈ గోడ పడేటట్టున్నది, జర పట్టుకున్న" అన్నడు. వేరే అప్పుడైతె అసొంటి మాటకు నేను నవ్వేటోణ్ని. నవ్వు రాలే.

ఏడో దినం షిఫ్టు దిగి తానం కూడ చెయ్యకుంట, బొగ్గు మొహంతోనే ఇంజనీర్ సారు ముందల నిలవడ్డ. అంత చెప్పిన. ఆవు మెడల గంట, సైకిలు, గేటు కాడ సంగీతం, అన్నీ. సారు పెన్ను కింద పెట్టిండు. కిటికీల నుంచి బయటికి చూసిండు. భుజాలు ఊగుతున్నయి. నవ్వు ఆపుకుంటున్నడని అర్థమైంది. తిరిగినంక మాత్రం మొహం సీరియస్.

"ఇన్నేండ్ల సర్వీసుల గనిల ఒక్క తప్పు గంట వినలేదు నువ్వు. థియేటర్ల విన్నవ్."

"అవును సార్."

"వారం కింద ఎందుకు చెప్పలే?"



నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చిండు. దానికి ఫికర్ లేదు, ఇంట్ల దాచిపెట్టుకున్న, నా పేరు టైపు కొట్టిన కాయితాలు నాకు తక్కువ. అసలు దెబ్బ వేరే ఉండె. "నువ్వు వారం ముందు వస్తె అయ్యేది" అన్నడు సారు. "థియేటర్ పనికి వేరేటాయన పేరు మొన్ననే పోయింది. సంతకం కూడ అయింది. ఇప్పుడు నేను వాపస్ తీసుకోలేను." ఆ వేరేటాయన ఏం తప్పు చేసినోడు కాదు, ఆయనకూ నడుము నొప్పి. ఆయన రిటైరయ్యే దాంక ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర మా బావ ఆ మెట్లు దిగిండు, ఎక్కిండు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి పోయిన. బావ లేడు, పాలకు పోయిండు. జరిగింది చెప్పి తల వంచుకున్న. అక్క బియ్యం చెరుగుతున్నది, చేట ఆపలే.

"ఆ గంటకు ఎర్ర రంగు ఏసిందెవరో ఎర్కేనా?" అన్నది.

"ఎవరు?"

"మీ బావనే. కిందటి యేడు. స్టేజీ మీద చూడంగనే గుర్తువట్టిండు. దాన్ని నువ్వు గాక ఇంకెవడు తెస్తడు?"

"మరి సారు ముందల ఎందుకు చెప్పలేదక్కా?"

"నాకేం ఎర్క. పాలు తెస్తున్నడు, అడుగు."

అడిగిన. బావ పాల గిన్నె అక్క చేతికిచ్చి, మంచం మీద కూసొని, మోకాలును రెండు చేతులతోని చాపుకొని అన్నడు: "నువ్వు చెప్తవనుకున్న. దినాం మెట్ల కాడ చూసిన, ఇయ్యాల చెప్తడు, ఇయ్యాల చెప్తడని." అంతే. తిట్టలే. తిడితె బాగుండె. చాయ్ తాగిపోమన్నడు. తాగిన. చక్కెర ఉన్నదో లేదో ఇప్పటికీ నాకు యాదికి లేదు.

తర్వాత బావకు థియేటర్ పని వచ్చింది. రిటైరయ్యే దాంక తాళాలు ఆయన నడుముకే ఉన్నయి. ఊడ్పిచ్చిండు, గబ్బిలాలను ఎళ్లగొట్టిండు, పర్దకు పిన్నీసులు పెట్టి కుట్టిచ్చిండు. నేను పోతె ఎప్పుడూ ముందు తలుపు నుంచే రమ్మనేటోడు. షెడ్డు దిక్కు పోనియ్యలే.

*

పోయిన నెల గ్రూపోళ్లు థియేటర్ కాడ పొద్దున పదింటికి కలుసుకున్నరు. సగం కప్పు ఇప్పి ఉన్నది, ఎండ సీద స్టేజీ మీద పడుతున్నది. నన్ను పిలువలే, నేనే పోయిన. నాకొక్కటే పిచ్చి, అది ఎట్లుండెనో నాకు తెలుసుకోవాలె. ఒక్కొక్కళ్ల దగ్గరికి పోయి అడిగిన, పర్ద ఆగినంక ఏమైంది అని.

నర్సమ్మ చెప్పింది: "జనం మొదలు నవ్విన్రు. తర్వాత నా ముందల ఒక ముసలి కాక, గని కాక, టక్కున మోకాళ్లు మడిచి గొంతు కూసున్నడు. గనిల కప్పు తక్కువున్న కాడ కూసుంటరు జూడు, గట్ల. ఆయన్ను చూసి పక్కోడు. వరుసలకు వరుసలు కూసున్నరు. పెద్దసార్లు సోఫాలల్ల ఎత్తుగ ఉన్నరు, వాళ్లకే ఏం కనవడలే. చివరికి వాళ్లు కూడ కింద కూసున్నరు. అప్పుడు పాడేటాయన పర్ద కిందికి వచ్చి బోర్ల పండుకున్నడు. గడ్డం నేలకు ఆనిచ్చి పాడిండు."

రామకృష్ణాపూర్ ఆయన చెప్పిండు: "బోర్ల గాదు, ఎల్లకిల. తల మా దిక్కు ఏలాడదీసి." ఇద్దరికీ లొల్లి. పంతులు గారు సర్ది చెప్పవోయిన్రు: ముందు బోర్ల, తర్వాత ఎల్లకిల అట. టీ కొట్టాయన మాత్రం గిటార్లోళ్ల కాళ్లే చూసిండట, ఒకనికి రెండు కాళ్లకు రెండు రంగుల సాక్సులట. నలుగురు చెప్పింది విన్నంక నా తలకాయల నాలుగు ప్రోగ్రాంలు అయినయి, ఒక్కటీ పూర్తిగ లేదు.

అప్పుడు నేను లేచి అసలు సంగతి చెప్పిన. మీకు ఇప్పుడు చెప్పిందే. నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగ అన్నది: "కాకా, మా పంతులు గారికి షుగరు ఉన్నది. ఇంకొకసారి గిసొంటియి చెప్పకు." పంతులు గారు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంట, "అయితే ఆ దినం నిజంగనే గని వచ్చి స్టేజీ మీద కూసున్నదన్నట్టు" అని ఇంకింత సంబరపడ్డరు. చదువుకున్నోళ్లను ఓడగొట్టుడు మన వశం కాదు.

ఆడికెళ్లి సీద బావ ఇంటికి పోయిన. ఆ దినం స్టేజీ పక్కన, పర్దకు అటూ ఇటూ రెండు దిక్కులు కనవడే జాగల నిలవడ్డోడు ప్రపంచంల ఒక్కడే, మా బావ. పాడేటాయన ఎట్ల పండుకున్నడో, జనం ఎట్ల కూసున్నరో, రెండూ ఒక్కసారి చూసిన మనిషి. ఇన్నేండ్లల్ల నేను ఎన్నోసార్లు అడిగిన. అడిగినప్పుడల్ల చాయ్ తెప్పిస్తడు, మాట మారుస్తడు.

ఈసారి గట్టిగ పట్టుకున్న. "బావా, ఇద్దరం రిటైరైనం. తప్పు ఒప్పుకున్న. వారం రోజులు నోరు మూసుకున్న, అది నిజం. ఇన్నేండ్లాయె గదా, ఇంక చెప్పరాదా? ఎట్లుండె?"

బావ మోకాలు మీద నూనె రాసుకుంట, తల ఎత్తకుంటనే అన్నడు:

"వారం అంటె నీకు ఏడు దినాలే బామ్మర్దీ. మోకాలు పోయినోనికి ఆ వారం గంత జల్ది అయిపోదు."